పురికొస బిగువు

మే 20, 1934, ఆదివారం

కుడిచెయ్యి వణుకుతోంది.

ఇదిగో, రాసేశాను. ఫాదర్‌గారికి చెప్పుకోవచ్చు, పాపసంకీర్తనం బయటికి పొక్కదంటారు. కానీ ఆయన శనివారాలు మా బావమరిది సబాతోతో పేకాట ఆడతాడు. పేకాటలో ఓడిపోతున్న మనిషి నోరు ఎంతవరకు కట్టుకుంటాడో నాకు నమ్మకం లేదు. అందుకే నేలమాళిగలో, వైన్ పీపాల మధ్య కూర్చుని రాస్తున్నాను. మోకాళ్ల నొప్పులతో నా భార్య ఫిలొమేనా ఈ మెట్లు దిగదు.

చలివల్ల అయ్యుంటుంది. మే నెలలో చలేమిటి అనుకోవచ్చు. పీపాల దగ్గర చల్లగానే ఉంటుంది మరి. ఈ పెన్సిల్ కూడా మంచిది కాదు, గీతలు సరిగ్గా పడటం లేదు.

మే 23

ఈరోజు సబాతో నా పాకకి వచ్చాడు. బాణసంచా కార్ఖానా వాడిదే అయినా గుమ్మం దగ్గర రాయి మీద గడియారం, బెల్టు తీసిపెట్టి లోపలికొచ్చాడు. ఇనుము ఏ రూపంలోనూ పాకలోకి రాకూడదు. నేను బల్ల కింద చెయ్యి దాచుకున్నాను.

"బావా, నీ పక్కన ఎవరినైనా కూర్చోబెట్టనా? పని నేర్చుకుంటారు. మనమేమైనా రాళ్లమా, ఎప్పటికీ ఉండటానికి?"

"ఎవర్ని కూర్చోబెడతావు?"

"ఎవర్నంటావేంటి! నాకు పిల్లా జెల్లా లేరాయె. మన రక్తంలో మిగిలింది అడెలీనాయేగా."

"ఈ మాట మీ అక్క వింటే నన్ను చంపుతుంది."

"ముందు నన్ను చంపుతుంది. నీ వంతు వచ్చేసరికి అలిసిపోతుందిలే," అని నవ్వాడు.

నేను నవ్వలేకపోయాను. బాణసంచా గుండు చుట్టే పద్ధతి బయటివాళ్లకి చూపించకూడదన్నది మా అత్తారింటి కట్టడి. ఇటలీలో అవెల్లీనో కొండల్లో మొదలైంది, ఓడెక్కి పెన్సిల్వేనియా దాకా వచ్చింది. అల్లుణ్ణి కాబట్టి నాకు చూపించారు. నా బల్ల ఖాళీ అయిందంటే అక్కడ కూర్చోవలసింది నా కూతురే. మా పెళ్లయిన రెండో ఏడు పాక పేలి, దాంతోపాటే వీళ్ల తమ్ముడు నున్‌జియాంతే పోయాడు. శవపేటిక తెరవనివ్వలేదు. దాని మీద నా చెయ్యి పెట్టించి ఫిలొమేనా ఒట్టు వేయించుకుంది, మనకి పుట్టబోయేవాళ్లు ఆ కార్ఖానా కంచె దాటకూడదని. అదే కుడిచెయ్యి.

కాబట్టి ఇది వణకడానికి వీల్లేదు.

జూన్ 2

కాఫీ సగం కప్పే పొయ్యమన్నాను. రాత్రి నిద్ర పట్టడం లేదని చెప్పాను. ఫిలొమేనా సగమే పోసింది.

వంటింటి కిటికీ బార్లా తెరిచి ఉంది, ఎప్పట్లాగే. మంచు కురిసే రోజుల్లో కూడా మేం పనిలో ఉన్నంతసేపూ ఆ కిటికీ మూయదు. కట్టెలన్నీ ఆకాశానికే కాలుస్తున్నావని ఏటా తిడతాను. ఏటా తెరిచే ఉంచుతుంది.

జూన్ 8

పని బాగానే సాగుతోంది. బాగానే అంటే, మునుపటి కన్నా నెమ్మదిగా.

పురికొసని మేకుకి (కొయ్యమేకే) కట్టి, వెనక్కి వాలి, ఒళ్లు బరువంతా దాని మీద వేసి గుండుని చుట్టుకుంటూ రావాలి. బిగువు సరిగ్గా ఉంటే పైకి వెళ్లాక పువ్వు నిండుగా విచ్చుకుంటుంది. వదులైతే పైకి వదిలే గొట్టంలోనే పేలుతుంది. లోపల మందు, రంగు బిళ్ళలు ముందే కూరి ఉంటాయి. చెయ్యి వణికితే బిగువు ఒకచోట ఉండి ఒకచోట ఉండదు. నేను రెండుసార్లు చుట్టి సరిచేస్తున్నాను. సరిపోతుంది.

జూన్ 14, గురువారం

నిన్న పునీత అంతోనివారి పండుగ. మా గుండు ఒకటి గొట్టంలోనే పేలింది. దేవుడి దయవల్ల గొట్టం ఇసుకలో పాతిపెట్టి ఉంది. సబాతో వంగి వత్తి అంటించి అప్పుడే పక్కకి తిరిగాడు. కనుబొమ్మలు రెండూ కాలిపోయాయి. ఒక్క అడుగు ఇవతల ఉంటే ఫిలొమేనా ఇంకో మూసిన పేటిక చూసేది.

"ఏం బావా, ఎలా ఉన్నాను? ఉడికించిన గుడ్డులా లేనూ?" అని వాడే నవ్వించాడు అందర్నీ. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "అది నువ్వు చుట్టిందేనా?"

"పురికొస మంచిది కాదు సబాతో. కొత్త కొట్టువాడు తేమ పట్టిన సరుకు అంటగట్టాడు."

వాడు తలూపాడు. నమ్మాడు. పాపం ఆ కొట్టువాణ్ణి సోమవారం వెళ్లి తిట్టొస్తాడట. నా నోటి నుంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ మాట. నాకు నా మీదే అసహ్యంగా ఉంది.

నిజంగానే తేమ అయ్యుండవచ్చు.

జూన్ 15

ఫిలొమేనా సంతోషంగా ఉంది. అడెలీనా ఇకనుంచి రోజూ తెల్లవారుజామున పూజకి వెళ్తుందట. మామయ్య బతికి బయటపడ్డాడని మొక్కుకుందట. తను పనిచేసే చొక్కాల ఫ్యాక్టరీ కూత వేసేలోపు వచ్చేస్తానంది.

"చూడు, ఎంత భక్తో. నీకూ ఉంటే ఎంత బాగుండు," అని నన్ను పొడిచింది ఫిలొమేనా.

పంతొమ్మిదేళ్ల పిల్లకి పొద్దున్నే మెలకువ రావడమే అద్భుతం. మంచిదే. మా అందరి కోసం అదొక్కతే ప్రార్థించినా చాలు.

జూన్ 27

భయం ఎప్పుడు పుడుతుందో చెప్పలేను. పాకలో ఉన్నప్పుడు కాదు. ఇంట్లో భోంచేసేటప్పుడు ఫోర్కు పళ్లేనికి టకటకా కొట్టుకుంటుంది చూడు, అప్పుడు. ఆ చప్పుడు తగ్గడానికి రొట్టెతో తింటున్నాను. పాస్తాని రొట్టెతో తినేవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను ఈ కొండ మీద.

అడెలీనా నా చేతి వైపు చూసింది. వెంటనే కళ్లు తిప్పుకుంది. నాకే అలా అనిపించి ఉంటుంది.

జూలై 5

నిన్న అమెరికావాళ్ల స్వాతంత్ర్య పండుగ. మైదానంలో మా గుండ్లన్నీ చక్కగా విచ్చుకున్నాయి. ఒక్కటి కూడా తప్పలేదు. నేను చుట్టినవి కూడా.

జూలై 17, మంగళవారం

నిన్న కార్మెల్ మాత పండుగ. రాయాలంటే సంతోషంతో చెయ్యి... సరే, వణుకుతోంది. సంతోషంతోనే!

నేను చుట్టిన గుండ్లు ఎలా విచ్చుకున్నాయంటే, మన ఊరివాళ్లంతా టోపీలు ఎగరేశారు. "ఇది మొదెస్తీనో చెయ్యి! ఆ గుండ్రం చూడండి, కొలబద్ద పెట్టి గీసినట్టు లేదూ?" అని నా పేరెత్తి గొడవ. సబాతో నా భుజం మీద గుద్ది, "ఆ కొట్టువాణ్ణి తిట్టడం మంచిదైంది బావా, పురికొస మారింది," అన్నాడు. వాడి కనుబొమ్మలు మళ్లీ మొలుస్తున్నాయి, కోత కోసిన గోధుమ పొలంలా.

నాలో వణుకు ఉంది, కానీ పనిలోకి దిగట్లేదన్న మాట. పాకలో కూర్చోగానే పునీతుడు సాన్ రోక్కో నా మణికట్టు పట్టుకుంటున్నాడు. ఆయన పండుగకి చెప్పుల్లేకుండా పల్లకీ మోస్తానని మొక్కుకున్నాను. అడెలీనా ప్రార్థనలు ఊరికే పోలేదు.

జూలై 24

చొక్కా బొత్తాలు ఫిలొమేనా పెట్టింది.

ఆగస్టు 1

సాన్ రోక్కో పండుగకి పెద్దగుండు మొదలుపెట్టాం. ఐదు అంతస్తులది. ఒకదాని తర్వాత ఒకటి ఐదుసార్లు విచ్చుకోవాలి. పసిపిల్లాడంత బరువుంది. చుట్టడం నా వంతు.

పని అయ్యేసరికి చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. బిగువు బాగా కుదిరినట్టే ఉంది. ఎందుకు కుదరదు?

ఆగస్టు 9, గురువారం

ఈరోజు జరిగింది వరసగా రాయాలి. లేకపోతే రేపటికి దానికి కూడా ఏదో ఒక సాకు అల్లుకుంటాను.

తెల్లవారేసరికి ఉరుములు మొదలయ్యాయి. "పిల్ల గొడుగు లేకుండా పోయింది, ఇచ్చి రావయ్యా," అంది ఫిలొమేనా. చర్చికి కదా అని ఆదివారం బూట్లు వేసుకుని బయల్దేరాను. చర్చిలో నల్లముసుగుల ముసలమ్మలు నలుగురు తప్ప ఎవరూ లేరు. ఒకావిడని అడిగాను.

"అడెలీనానా? ఆ పిల్లని ఈస్టర్ నాడు చూడటమే నాయనా."

ఎవడో కుర్రాడున్నాడనుకున్నాను. కాళ్లు విరగ్గొడతాననుకున్నాను. దేవుడా, అదే అయ్యుంటే ఎంత బాగుండేది! వాడి పేరు అడిగి, వాళ్లది ఏ ఊరో అడిగి, వారం రోజులు అలిగి ఊరుకునేవాణ్ణి.

మెరుపు మెరిసింది. ఉరుములప్పుడు పాకల తలుపులు మూసి ఉన్నాయో లేదో చూడటం మా అందరికీ అలవాటు. కోపంలోనే అటు నడిచాను. కంచె దగ్గర కాపలాకుక్క తోక ఊపింది, మొరగలేదు. నా పాక గుమ్మం దగ్గర రాయి మీద తలపిన్నులు వరసగా పెట్టి ఉన్నాయి. అవి నేను కొనిచ్చినవే.

అరవకూడదని తెలుసు. లోపల ఉన్న మనిషి ఉలిక్కిపడకూడదు. మెల్లగా తలుపు తోశాను.

పెద్దగుండు ఒళ్లో పెట్టుకుని, వెనక్కి వాలి, పురికొస చుడుతోంది నా కూతురు. నేల మీద నేను చుట్టిన పురికొస కోసి పడేసి ఉంది, వంకర్లు తిరిగి.

తలెత్తకుండానే అంది, "నాన్నా, అక్కడే ఆగు. నీ బూట్లకి మేకులున్నాయి."

కిందికి చూసుకున్నాను. ఆదివారం బూట్లు. అడుగున వరసగా ఇనుప మేకులు. ఇన్నేళ్లలో ఎవరూ చేయని పని. గడప రాయి మీద ఒక్క నిప్పురవ్వ చాలు. కాలు గాల్లోనే ఆపేశాను.

"బయటికి రా అమ్మా."

"సగంలో వదిలితే విడిపోతుంది. అయిపోవచ్చింది."

"మెరుపులు."

"చూస్తున్నా నాన్నా. మాట్లాడించకు."

వెనక్కి జరిగి, అప్పటికే మొదలైన వానలో కూర్చుని బూట్లు విప్పాలని చూశాను. లేసులు చేతికి చిక్కలేదు. ముడి లాగబోతే ఇంకా బిగుసుకుంది. పళ్లతో విప్పుదామని కాలు పైకెత్తుకుంటే అందలేదు. పదడుగుల దూరంలో నా బిడ్డ మందు పక్కన ఉంది, నేను లేసులు విప్పలేక వానలో చచ్చుబడ్డ చేతితో కొట్టుకుంటున్నాను. ఇంతకన్నా ఏ నరకం గురించీ ఫాదర్‌గారు నాకు చెప్పలేరు.

అంత భయంలోనూ ఒకటి కనిపించింది. రాయకూడదు, కానీ రాస్తాను. ఎంత బాగా చుడుతోంది! ఎడమచేత్తో, ఎడమవైపుకి. ప్రతి చుట్టూ పక్కదాన్ని ఒరుసుకుని, ఒకే బిగువు. నా మంచిరోజుల్లో కూడా అంత బిగువు లేదు.

ముడి వేసి, గుండు అటక మీద పెట్టి, తలుపు మూసి బయటికొచ్చింది. నా ముందు గొంతుక్కూర్చుని లేసులు విప్పింది. అప్పుడు ఏడ్చాను.

గోడ పక్కకి పోయి నిలబడ్డాం. నేను ముందుగా అడిగింది ఎంత సిగ్గులేని ప్రశ్నో. "ఎప్పట్నుంచి?"

"అంతోనివారి పండుగ అయిన దగ్గర్నుంచి. మామయ్య కనుబొమ్మలు కాలినప్పుడు అందరూ మామయ్యని చూస్తున్నారు. నువ్వు నీ చెయ్యి చూసుకుంటున్నావు."

"నీకెవరు నేర్పారు?"

"నువ్వే. సొప్రెస్సాతాలు ఎవరు కట్టించారు నాతో?"

నేనే. ఏటా చలికాలం పందిని కోశాక ఆ మాంసపు పొట్లాలు కట్టి అటకకి వేలాడదీసేటప్పుడు, దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చూపించాను. మేకుకి కట్టు, వెనక్కి వాలు, బరువు వదులు. బడిలో సిస్టర్లు దాని ఎడమచెయ్యి కట్టేసి రాయిస్తుంటే, నా దగ్గర మాత్రం హాయిగా ఎడమచేత్తో చుట్టేది. నా కూతురు కట్టిన సొప్రెస్సాతా వసంతం దాకా వదులు కాదని వీధంతా చెప్పుకున్నాను. కంచె అవతలే ఉంచుతానని ఒట్టేసి, వంటింట్లోనే నేర్పాను.

"ఇంక రాకు," అన్నాను.

"నువ్వు మానేస్తావా మరి?"

ఫ్యాక్టరీ కూత వేసింది. తలపిన్నులు పెట్టుకుని పరుగెత్తింది.

ఆగస్టు 10

సాయంత్రం గుండ్లు నేను చుట్టి వచ్చాను. పొద్దున వెళ్తే చుట్లు ఎడమవైపు తిరిగి ఉన్నాయి.

ఆగస్టు 11

ఈరోజూ అంతే. "పూజ ఎలా జరిగిందే?" అని ఫిలొమేనా అడిగింది. "బాగా జరిగిందమ్మా," అంది. నేను రొట్టె నములుతూ కూర్చున్నాను.

పండుగ అయ్యాక చెబుదాం. ఇంకెంత, ఐదు రోజులు.

సాన్ రోక్కో నా మణికట్టు పట్టుకున్నాడట! ఎంత పిరికివాణ్ణి నేను.

ఆగస్టు 12, ఆదివారం

భోజనానికి సబాతో వచ్చాడు. పెద్దగుండు గురించే మాటలు. "ఐదూ విచ్చుకుంటాయి బావా, నాకు నమ్మకం. నీ చేతికి యవ్వనం తిరిగొచ్చింది. అక్కా, ఏం పెడుతున్నావు ఈయనకి?"

ఫిలొమేనా కాఫీ తెచ్చింది. నా కప్పులో సగం పోసి ఆపింది.

"నిండా పొయ్యి," అన్నాను.

నా మొహం చూసింది.

"అంచుదాకా పొయ్యవే."

పోసింది. కుడిచేత్తో ఎత్తాను. రెండో చెయ్యి సాయం పట్టలేదు. నోటి దాకా వచ్చేసరికి కాఫీ సగం ఆదివారం పరిచే బల్లగుడ్డ మీద ఉంది, సగం నా చొక్కా మీద ఉంది. చెయ్యి కాలింది. కప్పు దించలేదు. సబాతో చూడాలని అలాగే పట్టుకున్నాను.

ఫిలొమేనా మెల్లగా నా చేతిలోంచి కప్పు తీసుకుంది. "పోయినేడాది నుంచి సగమే పోస్తున్నాను. నువ్వు అడిగేదాకా ఆగాననుకున్నావా?" అంది. గొంతులో కోపం లేదు.

సబాతో మాత్రం లెక్క కట్టుకుంటున్నాడు. కనుబొమ్మలు తడుముకున్నాడు. "అయితే... కార్మెల్ మాత పండుగకి ఎవరు చుట్టారు?"

ఇదీ నేను భయపడిన ప్రశ్న. ఇన్నాళ్లూ వణుకుకి భయపడ్డాననుకున్నాను. నాకు జవాబు చెప్పే శ్రమ లేకుండా అడెలీనా ఎడమచెయ్యి బల్ల మీద పెట్టింది. వేళ్ల మధ్య పురికొస కోసిన గీతలు.

ఫిలొమేనా ఆ గీతలు చూసింది. లేచి వెళ్లి వంటింటి కిటికీ మూసింది. గడియ పెట్టింది. పగటిపూట ఆ చప్పుడు నేను ఈ ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

"మామయ్యా, నాకు ఇష్టం," అంది అడెలీనా. "ఫ్యాక్టరీలో ముఖం తెలియనివాళ్లకి కాలర్లు కుడుతున్నాను. ఇది పైకెళ్లి విచ్చుకుంటుంది. అందరూ చూస్తారు."

"నోర్ముయ్యి," అన్నాను నేను.

"నాన్న కోసం మొదలుపెట్టాను. ఇప్పుడు నాన్న కోసం కాదు."

ఇది నేను ఊహించలేదు. నా కోసం అయితే ఆపగలిగేవాణ్ణి.

ఆగస్టు 17

నిన్న సాన్ రోక్కో పండుగ. నా చెయ్యి చూసి పల్లకీ మోయనివ్వలేదు, పక్కన చెప్పుల్లేకుండా నడిచాను. గొట్టాల దగ్గరికి కూడా వెళ్లలేదు. మొదటిసారి జనంలో నిలబడ్డాను, నా ఆడవాళ్ల మధ్య.

పెద్దగుండు లేచింది. జనం గట్టిగా లెక్కపెట్టారు. ఒకటి. రెండు. మూడు. నాలుగోది రావడానికి క్షణం ఆలస్యమైంది. నాలుగు. ఐదు! కొండంతా తెల్లగా వెలిగింది.

"మొదెస్తీనో చెయ్యి!" అని ఎవరో నా వీపు మీద చరిచారు.

"నాది కాదు," అన్నాను. "మా అమ్మాయిది."

అందరూ ఆకాశం చూస్తుంటే ఫిలొమేనా చూడలేదు. అడెలీనా ఎడమచెయ్యి తన రెండు చేతుల్లో పట్టుకుని, దాన్నే చూస్తూ నిలబడింది. ఇంటికొచ్చేదాకా వదల్లేదు.

ఆగస్టు 20, సోమవారం

తెల్లవారి అడెలీనా పాకకి బయల్దేరింది. పూజకని చెప్పలేదు. నేను నా మేకుల్లేని బూట్లు ఇచ్చాను. పెద్దవయ్యాయి, ముందువైపు గుడ్డ కుక్కాను. లేసులు కట్టబోతే నా వల్ల కాలేదు. ఫిలొమేనా వచ్చి నేల మీద కూర్చుంది, మోకాళ్ల నొప్పులతోనే. రెండు బూట్లకీ లేసులు కట్టింది.

"మబ్బు కనిపిస్తే వచ్చెయ్యాలి. గుండు సగంలో ఉన్నా సరే," అంది.

"అలాగేనమ్మా."

"అలాగే అని అనకు. వచ్చెయ్యి."

ఒట్టు సంగతి ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది.

నేనిప్పుడు నేలమాళిగలో లేను. వంటింట్లోనే రాస్తున్నాను, దాచడానికి ఏమీ లేదు. లోపలికి రాగానే కిటికీ నేనే తెరిచాను. కొండ అవతల పాకల వైపు నుంచి ఏ చప్పుడూ లేదు. ఇంకా లేదు. ఒక బండి వెళ్లింది, దాని మోతలో చప్పుడేమైనా వినపడకుండా పోతుందేమోనని దాని మీద కోపం వచ్చింది. ఇన్నేళ్లూ ఈవిడ ఇక్కడ ఇలాగే కూర్చుందా, ప్రతి పగలూ, నా కోసం? నేను కట్టెల గురించి తిట్టాను.

ఇద్దరం చిక్కుడు గింజలు ఒలుస్తున్నాం. నా చేతిలోంచి గింజలు జారి గిన్నెలో టకటకా పడుతున్నాయి. పడినప్పుడల్లా ఫిలొమేనా నా మణికట్టు మీద చెయ్యి వేస్తోంది, మెల్లగా వెయ్యమని.